గుంజ ఎక్కడ పాతాలి?

హైదరాబాద్‌లో ఒక డాక్టరు గది. గోడకున్న లైటు పెట్టె మీద మోకాలి ఎక్స్‌రే. డాక్టరు పెన్సిలు మొనతో దాని మీద ఒక దారి చూపించాడు. ఆ దారి దాదాపు నిటారుగా పైకి వెళ్లింది. తర్వాత తెల్ల కాగితం మీద ఇంకో మోకాలు గీసి, అందులో ఏటవాలుగా ఒక గీత గీశాడు.

'మీ అమ్మాయికి వేసిన తాడు తెగలేదు. గట్టిగానే ఉంది. కానీ ఇలా ఉండాల్సింది, అలా ఉంది' అన్నాడు.

తండ్రి కుర్చీలోంచి వంగి రెండు గీతల్నీ మార్చి మార్చి చూశాడు. ఆయన వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు. ఊహ తెలిసినప్పటి నుంచీ గుంట మగ్గంలోనే కూర్చున్న మనిషి.

'అంటే తాడు మంచిదే సారూ. గుంజనే తప్పు జాగల పాతిన్రు' అన్నాడు.

డాక్టరు నవ్వలేదు. 'అవును. అంతే' అన్నాడు.

పక్కన కూర్చున్న అమ్మాయి ఎక్స్‌రే వైపు చూడటం లేదు. తలొంచుకుని ఏడుస్తోంది. నొప్పితో కాదు. నెలల తరబడి తాను చెబుతున్నది నిజమేనని మొదటిసారి ఒక మనిషి ఒప్పుకున్నందుకు.

'టప్'మన్న చప్పుడు

2021 డిసెంబరు. డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న ఆ అమ్మాయి హన్మకొండలో ఒక కబడ్డీ పోటీలో కూతకు వెళ్లింది. ఆమెను ఎవరూ పట్టుకోలేదు. ఎవరూ తోయలేదు. ఎడమవైపు వెళ్తున్నట్టు భ్రమ కల్పించి, కుడికాలు నేలకు గట్టిగా ఆనించి ఒక్కసారిగా పక్కకు తిరిగింది. పాదం ఉన్నచోటే ఉండిపోయింది. ఒళ్లు తిరిగిపోయింది. మధ్యలో మోకాలు మెలికపడింది. లోపల 'టప్'మని చప్పుడు. గంటలో మోకాలు కొబ్బరికాయంత అయింది.

ఇంటికొచ్చాక తండ్రి అడిగాడు.

'ఏమైంది బిడ్డా?'

'ఏం గాలె బాపూ. కాలు మెలికవడ్డది.'

పసరు కట్టు కట్టించారు. మూడు వారాలకు వాపు తగ్గింది. నడక వచ్చింది. అంతా బాగైందనుకున్నారు. ఒకరోజు మేడ మీద ఆరేసిన బట్టలు తీసుకుని దిగుతూ మెట్టు మీద మలుపు తిరగబోతే మోకాలు పక్కకు జారిపోయింది. గోడ పట్టుకుంది కాబట్టి సరిపోయింది. అప్పుడు ఎంఆర్‌ఐ తీయించారు. కాగితం మీద మూడు ఇంగ్లిషు అక్షరాలున్నాయి... ఏసీఎల్.

తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య, మోకాలి నడిబొడ్డున రెండు నరాల్లాంటి తాళ్లు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతూ ఇంటూ గుర్తులా ఉంటాయి. అందులో ముందు తాడు ఏసీఎల్. పొడవు మూడు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. అంటే చిటికెన వేలులో సగం. దానికి రెండు పనులున్నాయి. కాలి ఎముక ముందుకు జారిపోకుండా వెనక్కి పట్టి ఉంచడం ఒకటి. తొడ ఎముక కింద అది మెలి తిరగకుండా ఆపడం రెండోది. తిన్నగా నడిచేటప్పుడు ఈ తాడు మీద పెద్ద బరువుండదు. పరుగు మధ్యలో ఆగినప్పుడు, మలుపు తిరిగినప్పుడు, ఎగిరి దిగినప్పుడు దాని అవసరం తెలుస్తుంది.

ఇది తెగినవాళ్లలో ఎక్కువమందికి ఆ క్షణంలో ఎవరూ తగిలి ఉండరు. కాలు ఊని తిరగడమో, ఎగిరి దిగడమో కారణం. ఒకే ఆట ఆడే మగపిల్లలకంటే ఆడపిల్లల్లో ఈ గాయాలు ఎక్కువ. ఎగిరి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలిపోవడం అందుకు ఒక కారణమంటారు. తెగిన ఏసీఎల్ చర్మంలా దానంతటది అతుక్కోవడం అరుదు. అది కీలులోని ద్రవంలో మునిగి ఉంటుంది. గాయం మానడానికి కావలసిన నెత్తుటి గడ్డ అక్కడ నిలవదు. అందుకే మళ్లీ ఆడాలనుకునే వాళ్లకు సాధారణంగా తెగినదాన్ని కుట్టరు. ఒంట్లోనే ఇంకోచోటి నుంచి స్నాయువు తీసి, కొత్త తాడుగా పేని, రెండు ఎముకల్లో సొరంగాలు తొలిచి, వాటిలోంచి లాగి బిగిస్తారు. ఈ కొత్త తాడునే గ్రాఫ్ట్ అంటారు.

తండ్రి చిట్టి ఎత్తాడు. చాలని దానికి అప్పు తెచ్చాడు. 2022 మార్చిలో ఆపరేషన్ అయింది. తొడ వెనక నుంచి రెండు సన్నటి స్నాయువులు తీసి, మడిచి నాలుగు పేటలు చేసి వేశారు. కుట్లు మానాయి. మూడు నెలలకు మామూలు నడక. ఆరు నెలలకు పరుగు.

'ఆపరేషన్ సక్సెస్' అన్నారు అందరూ.

భయం ఎవరిది?

ఆ ఏప్రిల్‌లోనే పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగాలకు నోటిఫికేషన్ వచ్చింది. కబడ్డీ ఎంతవరకు తీసుకెళ్తుందో తెలియదు కానీ, కానిస్టేబుల్ ఉద్యోగం వస్తే ఇంట్లో మగ్గం మీద భారం తగ్గుతుందని ఆమె లెక్క. ప్రిలిమ్స్ పాసైంది. డిసెంబరులో ఈవెంట్స్. 800 మీటర్ల పరుగు సులువుగా గట్టెక్కింది. లాంగ్‌జంప్‌కి వచ్చింది. మొదటిసారి దూకి దిగుతుంటే ఇసుకలో కుడిపాదం కొద్దిగా పక్కకు తిరిగింది. మోకాలు లోపల జారింది. నొప్పి పెద్దగా లేదు. కానీ ఆ జారుడు ఆమెకు తెలుసు. మేడ మెట్ల మీది జారుడే. తర్వాత దూకిన రెండుసార్లూ గీతకు ముందే కాలు వెనకాడింది.

ఇంటికొచ్చి చెబితే ఎవరూ నమ్మలేదు. నమ్మకపోవడానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. ఆపరేషన్ చేసినచోట మంచం మీద పడుకోబెట్టి, మోకాలు కొద్దిగా వంచి, కాలిని ముందుకు లాగి చూశారు. కదల్లేదు. 'తాడు బ్రహ్మాండంగా ఉంది, నీకు భయం పోలేదు అంతే' అన్నారు. మళ్లీ ఎంఆర్‌ఐ తీస్తే 'గ్రాఫ్ట్ తెగలేదు' అని వచ్చింది. కోచ్ కూడా అదే మాట. స్నేహితురాళ్లు ధైర్యం చెప్పారు. తల్లి బీడీలు చుడుతూ చుడుతూ కొమ్మాల జాతరకు మొక్కుకుంది.

'నాకు భయం లేదే అమ్మా. నా కాలే నన్ను మోసం జేస్తుంది' అని ఆ పిల్ల ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట భయంగానే వినిపించింది. కొన్నాళ్లకు ఆమెకే అనుమానం వచ్చింది. నిజంగానే భయపడుతున్నానా? రాత్రిళ్లు అందరూ పడుకున్నాక వాకిట్లో నిలబడి, కుడికాలు ఊని మెల్లగా పక్కకు తిరిగి చూసుకునేది. జారేది. మళ్లీ తిరిగేది. మళ్లీ జారేది.

ఒక రాత్రి తండ్రి చూశాడు. ఏమీ అనలేదు. మర్నాడు మగ్గం మీద పని అయ్యాక, 'పట్నం పోయి ఇంకో సారుకు సూపిద్దాం' అన్నాడు.

గడియారం చెప్పిన గుట్టు

హైదరాబాద్ డాక్టరు కూడా ముందు కాలిని ముందుకు లాగి చూశాడు. గట్టిగానే ఉంది. తర్వాత కాలిని లోపలికి తిప్పి పట్టుకుని, పక్క నుంచి నెడుతూ, మోకాలిని చాచిన స్థితి నుంచి మెల్లగా వంచాడు. ఒకచోట లోపల ఎముక 'గడక్'మని జారి మళ్లీ సర్దుకుంది. ఆమె మంచం అంచు పట్టుకుంది.

'ఇదే కదా?' అన్నాడు.

'ఇదే సార్' అంది.

దీన్ని పివట్ షిఫ్ట్ పరీక్ష అంటారు. మొదటి పరీక్ష తాడు ముందు-వెనక కదలికను ఆపుతోందో లేదో చెబుతుంది. ఇది మెలికను ఆపుతోందో లేదో చెబుతుంది. ఒక మోకాలు మొదటిదానిలో పాసై, రెండోదానిలో తప్పవచ్చు. అందుకే 800 మీటర్లు తిన్నగా పరుగెత్తింది. ఇసుకలో పాదం తిరిగేసరికి ఓడిపోయింది.

ఎందుకలా? తొడ ఎముక కింది చివర రెండు గుబ్బలుంటాయి. వాటి మధ్య కమాను ఆకారంలో ఒక ఖాళీ. ఎదురుగా నిలబడి చూస్తే ఆ కమానును గడియారంలో పైసగం అనుకోవచ్చు. నడినెత్తిన పన్నెండు. దేవుడిచ్చిన ఏసీఎల్ పన్నెండు దగ్గర పుట్టదు. కమాను బయటివైపు గోడ మీద, దిగువకు, వెనక్కి పుడుతుంది. కుడి మోకాలైతే అది దాదాపు పది గంటల చోటు. ఎడమ మోకాలైతే రెండు గంటల చోటు. అక్కడి నుంచి ఏటవాలుగా దిగి కాలి ఎముక నెత్తిన అతుక్కుంటుంది. ఈ అమ్మాయికి తొలిచిన సొరంగం పన్నెండుకు దగ్గరగా ఉంది. అందుకే తాడు నిటారుగా నిలబడింది.

డాక్టరు ఇది చెబుతుంటే తండ్రికి తన తల్లి ఇసుర్రాయి గుర్తొచ్చింది. పైరాయి నడుమ పిడుక్కి ఆనించి తాడు కట్టి, తిరిగే రాయిని ఆపి చూడండి. ఎంత గట్టి తాడైనా ఆపలేదు. అదే తాడును రాయి అంచుకు కట్టి పక్కకు లాగి పట్టుకుంటే చిన్నపిల్లయినా ఆపగలదు. తాడు బలం రెండుచోట్లా ఒకటే. కట్టిన చోటు వేరు. మెలికను ఆపాలంటే తాడు తిరిగే ఇరుసుకు దూరంగా, ఏటవాలుగా ఉండాలి. ఇరుసును ఆనుకుని నిటారుగా ఉన్న తాడు ముందుకు జారడాన్ని కొంత ఆపుతుంది కానీ, మెలికను ఆపలేదు.

తండ్రి అడిగిన రెండో ప్రశ్న డాక్టరును ఇంకాస్త కూర్చోబెట్టింది.

'మరి బిగువు సంగతేంది సారూ? పడుగు కట్టే గుంజ ఇంత ముందుకువోతె ఒక తీరు, ఇంత ఎనకకువోతె ఒక తీరు...'

మోకాలిలోనూ అంతే. మోకాలు తలుపు మడతబందులా ఒకేచోట తిరగదు. వంగుతూ ఉంటే దొర్లుతుంది, జారుతుంది కూడా. అందువల్ల రెండు ఎముకల మీద గుర్తు పెట్టిన రెండు చుక్కల మధ్య దూరం కాలు చాచినప్పుడు ఒకలా, వంచినప్పుడు ఒకలా ఉంటుంది. తొడ ఎముకలో సొరంగం మరీ ముందుకు వస్తే, కాలు వంచినకొద్దీ తాడు బిగుసుకుపోతుంది. అప్పుడు మోకాలు పూర్తిగా వంగదు, లేదా తాడే సాగి వదులైపోతుంది. మరీ వెనక్కి పోతే చాచినప్పుడు బిగిసి, వంచినప్పుడు వదులవుతుంది. కింద కాలి ఎముకలో సొరంగం ముందుకు వస్తే ఇంకో చిక్కు. కాలు చాచినప్పుడల్లా తాడు కమాను పైకప్పుకు రాసుకుంటుంది. కాలు తిన్నగా చాపలేరు. ఈ తేడాలన్నీ కొద్ది మిల్లీమీటర్లలోవే.

అసలు ఏసీఎల్ ఒకే తాడు కూడా కాదు. రెండు పాయలు. కాలు చాచినప్పుడు ఒక పాయ ఎక్కువ బిగువుగా ఉంటుంది, వంచినప్పుడు ఇంకోటి. జర్మనీలో వెబర్ సోదరులు 1836లోనే ఈ సంగతి రాశారు. మగ్గం మీద ఒక వరస పడుగు లేస్తే ఇంకో వరస దిగినట్టు, అవి వంతులవారీగా భారం మోస్తాయి.

తప్పెవరిది?

'మరి ముందు జేసినాయన ఎందుకట్ల జేసిండు?' అని తండ్రి అడిగాడు. ఆ గొంతులో కోపం ఉంది. అప్పు తెచ్చిన మనిషి కోపం.

జవాబు ఒక్క మాటలో లేదు. 1980, 90 దశకాల్లో ప్రపంచమంతటా సర్జన్లు వెతికింది వేరే చోటు కోసం. మోకాలు ఎంత వంచినా తాడు పొడవు మారని చోటు ఏది అని చూశారు. అలాంటి చోటు కమానులో కాస్త ఎత్తున దొరికేది. పైగా అప్పటి తేలిక పద్ధతిలో, ముందు కాలి ఎముకలో సొరంగం తొలిచి, ఆ సొరంగంలోంచే డ్రిల్లును పైకి పంపి తొడ ఎముకను తొలిచేవారు. కింది సొరంగం ఎటు చూపిస్తే పైసొరంగం అటే పోతుంది. అది ఎక్కువగా నడినెత్తికే చూపిస్తుంది. కిటికీలోంచి ఈటె విసిరితే కిటికీ చూపించిన వైపే వెళ్లినట్టు!

పైగా గోడ మీద అసలు చోటును గుర్తుపట్టడమూ తేలిక కాదు. అక్కడ ఎముక మీద సన్నటి గట్టు ఒకటుంటుంది. కొత్తగా నేర్చుకునే డాక్టర్లు ఆ గట్టునే గోడ చివర అనుకుని, దానికి ముందే తొలిచేస్తుంటారు. అందుకే దానికి 'రెసిడెంట్స్ రిడ్జ్' అని పేరు. రెసిడెంట్ అంటే పీజీ శిక్షణలో ఉన్న డాక్టరు. అసలు తాడు పుట్టేది ఆ గట్టు వెనక.

ఎంతోమంది ఆ పాత పద్ధతితోనే బాగుపడ్డారు. కానీ తిన్నగా పరుగెత్తగలిగినా మలుపులో జారిపోయే మోకాళ్లు కొన్ని మిగిలిపోయాయి. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో సర్జన్ ఫ్రెడీ ఫూ, ఇంజినీరు సావియో వూ ఈ చిక్కు మీద ఏళ్ల తరబడి పనిచేశారు. మరణానంతరం దానం చేసిన మోకాళ్లను రోబోకు బిగించి, పది గంటల చోట, పదకొండు గంటల చోట తాడు వేసి లాగి, తిప్పి చూసిన పరిశోధన 2003లో వెలువడింది. మెలికను ఆపడంలో పది గంటలదే మెరుగని తేలింది. అయితే రెండింటిలో ఏదీ పుట్టుకతో వచ్చిన తాడుకు సాటి రాలేదు. ఆ తర్వాతి ఏళ్లలో చాలామంది సర్జన్లు దారి మార్చుకున్నారు. మోకాలి ముందువైపు పక్కగా వేరే చిన్న రంధ్రం పెట్టి, మోకాలిని బాగా వంచి, అక్కడి నుంచి నేరుగా అసలు చోటుకు డ్రిల్లు పంపడం మొదలుపెట్టారు. ఇప్పుడు గడియారం అంకెల్ని కూడా స్థూలమైన గుర్తుగానే చూస్తారు. గట్టును, పాత తాడు మిగిల్చిన మొదలును చూసుకుని చోటు ఎంచుకుంటారు. రెండోసారి ఆపరేషన్ అవసరమైన కేసుల్లో సర్జన్లకు తరచుగా కనిపించే పొరపాటు సొరంగం చోటు తప్పడమే.

తండ్రి అంతా విన్నాడు. కోపం పోలేదు కానీ దాని ఆకారం మారింది. 'నేర్సుకునేటప్పుడు మేము గూడ ఎన్ని పడుగులు పాడుజేసినం' అన్నాడు. కాసేపాగి, 'అయితె మేం పాడుజేసింది నూలు' అన్నాడు.

'నడుస్తున్నవు గదా బిడ్డా...'

తిరుగు ప్రయాణంలో కాజీపేట వచ్చేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు. డాక్టరు ఏమీ దాచలేదు. రెండో ఆపరేషన్ ఫలితం మొదటిదాని అంత నమ్మకంగా ఉండదు. పాత సొరంగం కొత్తదానికి అడ్డు రావచ్చు. తొడ వెనక స్నాయువులు అయిపోయాయి కాబట్టి, ఈసారి మోకాలిచిప్ప కింది స్నాయువులో నడిమి భాగాన్ని, రెండు కొనల్లో చిన్న ఎముక ముక్కలతో సహా తీయాలి. మళ్లీ కనీసం తొమ్మిది నెలలు.

కాజీపేట దాటాక తండ్రి అన్నాడు.

'నడుస్తున్నవు గదా బిడ్డా. పనులు జేసుకుంటున్నవు. ఆట లేకపోతే బతుకు లేదా?'

అందులో అప్పు భయం ఉంది. మళ్లీ కోతకు పంపాలన్న భయం ఉంది. ఆమెకు తెలుసు. కిటికీలోంచి చూస్తూ అంది.

'నడుసుడు కాదు బాపూ. నాకు తిరుగుడు గావాలె.'

ఇది ఆట గురించి మాత్రమే కాదు. చంకలో బిందెతో మలుపు తిరగాలన్నా, రద్దీ బస్సులోంచి దిగాలన్నా, రేపు చంటిబిడ్డను ఎత్తుకుని మెట్లు దిగాలన్నా ఆ మోకాలు నమ్మకంగా తిరగాలి. డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడు. మోకాలు జారిన ప్రతిసారీ రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే నెలవంక మృదులాస్థి, అంటే మెనిస్కస్, నలుగుతుంది. అది చిరిగితే నడివయసుకే కీలు అరిగిపోయే ముప్పు పెరుగుతుంది. ఊరికే వదిలేయడం ఖర్చు లేని దారేమీ కాదు. ఆ ఖర్చు తర్వాత కట్టాల్సి వస్తుంది.

మూడు రోజుల తర్వాత తల్లి తేల్చింది. 'పిల్ల అబద్ధమాడుతుందని మనమందరం అన్నం. గా బాకీ తీర్సాలె' అంది.

బరువు మోసే చోటు

2023 ఆగస్టులో రెండో ఆపరేషన్ జరిగింది. ఈసారి సొరంగం గట్టు వెనక, దిగువన పడింది. తాడు ఏటవాలుగా దిగింది.

అసలు పరీక్ష ఆ తర్వాత మొదలైంది. సొరంగాల్లో కూర్చున్న ఎముక ముక్కలు చుట్టూ ఉన్న ఎముకతో అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు చాలు. కానీ మధ్యలో ఉన్న తాడు కథ వేరు. వేసిన కొత్తలో దానికి నెత్తురు సరఫరా ఉండదు. లోపలి కణాలు చాలావరకు చనిపోతాయి. తర్వాత కొత్త రక్తనాళాలు పాకుతాయి, కొత్త కణాలు వస్తాయి, స్నాయువు మెల్లమెల్లగా లిగమెంటులా మారుతుంది. ఈ మార్పుకు ఏడాదీ పడుతుంది, అంతకంటే ఎక్కువా పడుతుంది. చిత్రమేమిటంటే, వేసిన రోజుకంటే రెండు మూడు నెలలకే తాడు బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పటికే నొప్పి పోయి, నడక బాగుపడి, పరుగెత్తాలనిపిస్తుంది!

ఇంకో చిక్కు ఉంది. నిటారుగా తప్పు చోట ఉన్న తాడు మెలికను మోయదు కాబట్టి దాని మీద ఆ భారం పడదు. సరైన చోట ఉన్న తాడు అసలు పని చేస్తుంది కాబట్టి దాని మీద బరువెక్కువ. డెన్మార్క్ రోగుల రిజిస్టరును పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్త దారిలో తొలిచిన వాళ్లకు మళ్లీ ఆపరేషన్ అవసరం పడటం కాస్త ఎక్కువగానే కనిపించింది. కొత్త పద్ధతి చెయ్యి తిరిగేదాకా జరిగే పొరపాట్లు ఒక కారణం కావచ్చని, సరైన చోట తాడు మీద పడే భారం ఇంకో కారణం కావచ్చని పరిశోధకులు భావించారు. అందుకే తొందర పనికిరాదంటారు. నార్వే పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, తొమ్మిది నెలల దాకా ఆటకు తిరిగి వెళ్లడాన్ని వాయిదా వేసిన ఒక్కో నెలకూ మళ్లీ గాయపడే ముప్పు సుమారు సగం తగ్గినట్టు తేలింది.

డాక్టరు ఈ మాట చెప్పినప్పుడు తండ్రి కూతురి వైపు చూశాడు. 'సరైన జాగల నిలవడ్డోనికే బరువెక్కువ బిడ్డా. మనింట్ల గూడ గంతే' అన్నాడు. ఆమె ఆ రోజు చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఉదయం ఫిజియోథెరపీ. సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద నడక. మొదట తల్లి తోడు, తర్వాత ఒక్కతే. ఇంట్లో జంపఖానా పరుచుకుని కాలు లేపడాలు, గోడకు ఆని కూర్చోవడాలు. తొడ ముందు కండరం సన్నబడి, రెండు కాళ్లూ ఇద్దరు వేర్వేరు మనుషులవిలా ఉండేవి. ఫిజియోథెరపిస్టు క్యాలెండర్ చూసేవాడు కాదు, టేపు చూసేవాడు. ఒంటికాలి మీద ఎంత దూరం గెంతింది? రెండో కాలి దూరంలో నూటికి తొంభై వచ్చిందా? వస్తేనే తర్వాతి మెట్టు.

ఐదో నెలలో ఒకసారి విసుగొచ్చి మానేస్తానంది. అప్పుడు ఫిజియోథెరపిస్టు పుల్లెల గోపీచంద్ సంగతి చెప్పాడు. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన గోపీచంద్‌కు 1994లో మోకాలు తీవ్రంగా దెబ్బతింది. శస్త్రచికిత్సలు అయ్యాయి. అతని ఆట అయిపోయిందన్నారు. ఏడేళ్ల తర్వాత, 2001 మార్చిలో, బర్మింగ్‌హామ్‌లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. ప్రకాశ్ పదుకొణె తర్వాత ఆ టైటిల్ గెలిచిన రెండో భారతీయుడయ్యాడు. ఆ పిల్ల లెక్కపెట్టుకుంది. ఏడేళ్లు! తనకు ఇంకా అయిదు నెలలే.

మలుపు

పదకొండో నెలలో ఆమె మళ్లీ మట్టికోర్టులో దిగింది. కూతకు వెళ్లలేదు. ఎవరూ లేని కోర్టులో ఒక్కతే నిలబడింది. గీత దగ్గర తండ్రి ఉన్నాడు. ఎడమవైపు వెళ్తున్నట్టు రెండడుగులు వేసి, కుడికాలు ఊని పక్కకు తిరిగింది.

తిరిగింది. అంతే. ఏమీ జరగలేదు.

మళ్లీ తిరిగింది. మూడోసారి కాస్త వేగంగా. తండ్రి ఆమె ముఖం చూడలేదు. కుడిపాదం వైపే చూస్తూ నిలబడ్డాడు, పడుగు మీద తెగబోయే పోగును చూసే చూపుతో. పది పన్నెండు సార్లయ్యాక ఆమే ఆగి, 'పట్టుకుంటుంది బాపూ' అంది.

ఆమె కబడ్డీలో పెద్ద పోటీలకు వెళ్లలేదు. రెండేళ్లలో జట్టు మారిపోయింది, వయసూ దాటింది. కానిస్టేబుల్ కొలువు కోసం మాత్రం ఇంకా చదువుతోంది, పరుగెత్తుతోంది, దూకుతోంది. ఆదివారాలు పొద్దున వాడకట్టు ఆడపిల్లల్ని కోర్టుకు తీసుకెళ్తుంది. వాళ్లకు ముందు కూత నేర్పదు. దిగడం నేర్పుతుంది. ఎగిరి రెండు కాళ్ల మీద మెత్తగా దిగాలి. మోకాళ్లు వంచి దిగాలి. మోకాలు లోపలికి వాలకూడదు, పాదం వేళ్ల దిశగానే ఉండాలి. ఒంటికాలి మీద నిలబడి బంతి పట్టుకోవాలి. ఆటకు ముందు క్రమం తప్పకుండా పావుగంట ఇలాంటి కసరత్తులు చేస్తే ఏసీఎల్ గాయాలు గణనీయంగా తగ్గుతాయని, ముఖ్యంగా ఆడపిల్లల్లో దాదాపు సగానికి తగ్గుతాయని పలు దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. ఖర్చేమీ లేదు.

మొన్నొక పదమూడేళ్ల పిల్ల ఎగిరి దిగి, మోకాలు పట్టుకుని నిలబడింది. 'అక్కా, ఏమో జారినట్టయింది' అంది. పక్కనున్న పిల్లలు 'భయపడుతుందక్కా' అని నవ్వారు.

ఆమె ఈల జేబులో పెట్టుకుని, ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

'వాళ్లనెందుకు, నువ్వు జెప్పు. ఏడ జారింది? ఎట్ల జారింది?' అంది.